మామయ్య క్వారీ రిపోర్టు మీద సంతకం పెట్టాలా?

ప్రకాశం జిల్లా నుంచి ఒక పాఠకుడు రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. సారాంశం ఇస్తున్నాను.

ఆయనకు ముప్పై ఏళ్లు. మైనింగ్ ఇంజినీరింగ్ చదివి, ఆరేళ్లుగా ఒక సిమెంటు కర్మాగారానికి చెందిన సున్నపురాయి గనిలో పనిచేస్తున్నారు. మేనేజర్ సర్టిఫికెట్ పరీక్ష కూడా పాసయ్యారు. చిన్నప్పుడే తండ్రి పోతే ఆయన్ను చదివించింది, చెల్లెలి పెళ్లి దగ్గరుండి చేసింది మేనమామ. ఆ మామయ్యకు క్రేన్లు, లారీలు ఉన్నాయి. పాతికేళ్లుగా క్వారీల నుంచి గ్రానైటు బ్లాకులను ఫ్యాక్టరీలకూ రేవులకూ చేరవేస్తున్నారు. ఇప్పుడు సొంత క్వారీ కావాలని పట్టుబట్టారు. స్నేహితుడొకరికి ఒక కొండ మీద నాలుగు హెక్టార్ల లీజు ఉంది. లీజు స్నేహితుడిది, పెట్టుబడి మామయ్యది. యంత్రాలకూ రోడ్డుకూ డిపాజిట్లకూ కలిపి 6 కోట్ల రూపాయలు కావాలి. అందులో సగం మామయ్య పొలం అమ్మితే వస్తుంది, సగం బ్యాంకు అప్పు. ఆ అప్పుకు మామయ్య ఇంటితో పాటు, ఈ పాఠకుడి తల్లి పేరున ఉన్న ఇల్లు కూడా తాకట్టు పెట్టాలి.

కన్సల్టెంటు ఒకరు రాసిచ్చిన రిపోర్టు ప్రకారం, తవ్విన రాయిలో 25 శాతం అమ్మదగిన, అంటే పగులు లేని పెద్ద బ్లాకులుగా వస్తుంది, మూడేళ్లలో పెట్టుబడి వెనక్కి వస్తుంది. కొండ నెత్తిన పక్కపక్కనే రాయి పరీక్షకు వేసిన రెండు బోర్లే దానికి ఆధారం. ఈయన సెలవు రోజున కొండెక్కి చూశారు. అడుగున్నరకో రెండడుగులకో ఒక పగులు. రాతి ముఖం మీదుగా ఏటవాలుగా సాగిన తెల్లటి చార. పక్క కొండకు ఎవరో తవ్వి వదిలేసిన గుంట, అందులో వాన నీళ్లు. తన అంచనా 12 నుంచి 15 శాతం అంటున్నారు. ఆ మాట చెబితే మామయ్య, “నువ్వు రాయిని పుస్తకంలో చూశావు, నేను పాతికేళ్లు మోశాను” అన్నారట. ఇప్పుడు 25 శాతం అంకెతోనే బ్యాంకుకు సాంకేతిక నివేదిక రాసి సంతకం పెట్టమంటున్నారు. ఉద్యోగం మానేసి పదోవంతు వాటాతో క్వారీ మేనేజరుగా రమ్మంటున్నారు. “మామయ్య మాట తీసెయ్యకురా” అంటోంది తల్లి. ఉద్యోగం వదలడానికి భార్య ఒప్పుకోవడం లేదు. “సంతకం పెడితే చదువుకు ద్రోహం, పెట్టకపోతే అన్నం పెట్టిన చేతికి ద్రోహం. ఏం చేయను?” అని అడిగారు.

* * *

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను, జత చేసిన రిపోర్టును అంతకంటే ఎక్కువసార్లు చూశాను. కొండలో అమ్మదగిన రాయి ఎంత ఉంది, దానిమీద ఇంత డబ్బు ఇప్పుడే పెట్టాలా, మామయ్య రుణం ఎలా తీర్చుకోవాలి అనేవి మీకు ఒకే ప్రశ్నలా కనిపిస్తున్నాయి. మూడోదాని కోసం మొదటిదాని జవాబు మార్చమని మిమ్మల్ని అడుగుతున్నారు. మీ బాధంతా అక్కడే ఉంది. మామయ్య మీద మీకు ఎంత ప్రేమ ఉన్నా కొండలో పగుళ్ల సంఖ్య తగ్గదు. అందుకని ముందు కొండ సంగతి చూద్దాం.

మీ కన్సల్టెంటు అంకెలతోనే లెక్క వేస్తాను. రోజుకు 40 ఘనపు మీటర్ల చొప్పున 300 రోజులు తవ్వితే ఏడాదికి 12,000 ఘనపు మీటర్ల రాయి. రంధ్రాలు వేయడానికి, వైర్‌సాతో (తీగ రంపంతో) కోయడానికి, పనికిరాని రాయిని డంపుకు తోలడానికి తవ్విన ప్రతి ఘనపు మీటరుకూ 3,000 రూపాయల ఖర్చు చూపించారు. అది 3 కోట్ల 60 లక్షలు. జీతాలు, ఆఫీసు, కాపలా, మరమ్మతులు 70 లక్షలు. అంటే బ్లాకు ఒక్కటి అమ్ముడు కాకపోయినా ఏడాదికి 4 కోట్ల 30 లక్షలు అయిపోయినట్టే. ఇక అమ్మిన ప్రతి ఘనపు మీటరుకూ సగటున 25,000 వస్తుందని, సీనరేజి (రాయికి ప్రభుత్వానికి కట్టే రుసుము), లోడింగు, కమీషన్లు పోను 21,000 మిగులుతుందని రాశారు. 25 శాతం దక్కితే 3,000 ఘనపు మీటర్లు, 6 కోట్ల 30 లక్షలు. ఖర్చు పోను 2 కోట్ల లాభం. మూడేళ్లలో పెట్టుబడి వెనక్కి వస్తుందన్న మాట ఇక్కడి నుంచి వచ్చింది. కూడికలో తప్పేమీ లేదు.

ఇప్పుడు ఒక్క అంకె మార్చండి. 25 బదులు 20 శాతమే దక్కితే లాభం 74 లక్షలు. 3 కోట్ల అప్పుకు 12 శాతం వడ్డీ అనుకుంటే అందులో మొదటి ఏడాది 36 లక్షలు వడ్డీకే పోతాయి. 17 శాతం దగ్గర లాభమూ లేదు, నష్టమూ లేదు. 15 శాతం అయితే వడ్డీ కట్టకముందే ఏడాదికి 52 లక్షల నష్టం. మీరు భయపడుతున్నట్టు 12 శాతానికి పడిపోతే నష్టం కోటీ 27 లక్షలు దాటుతుంది.

ఎందుకిలా అవుతుందో మీకు తెలుసు, కానీ మీ ఇంట్లో ఎవరికీ తెలిసినట్టు లేదు. ఖర్చు తవ్విన రాయి మీద పడుతుంది, రాబడి అమ్మిన రాయి మీద వస్తుంది. సున్నపురాయి గనిలో పేల్చిన రాయి దాదాపు అంతా క్రషరుకు వెళుతుంది కాబట్టి అక్కడ ఈ తేడా అంత బాధించదు. గ్రానైటు క్వారీకి ఇదే ప్రాణం. రిపోర్టులో నలభై పేజీలు ఉన్నాయి, యంత్రాల కొటేషన్లకే పద్దెనిమిది పేజీలు ఇచ్చారు. ఈ 25 శాతానికి ఇచ్చింది ఒక్క పేరా. ప్రాజెక్టు బతుకుతుందా లేదా అనేది ఆ పేరాలో ఉంది.

ధర సంగతి కూడా చూడండి. దక్కేది 25 శాతమే అయినా ధర ఐదోవంతు తగ్గి 20,000 అయితే లాభం 2 కోట్ల నుంచి 50 లక్షలకు దిగుతుంది. మామయ్య “చీమకుర్తిలో అందరూ బాగుపడ్డారు” అన్నారని రాశారు. చీమకుర్తి రాయికి ఆ ధర రావడానికి కారణం ఉంది. నల్లటి గాబ్రో రాయిలో రాగిరంగు మెరుపుతో కనిపించే బ్రాంజైటు స్ఫటికాలు ఉండబట్టి దానికి బ్లాక్ గెలాక్సీ అన్న పేరు, ప్రపంచమంతటా గిరాకీ వచ్చాయి. మీ కొండది గులాబీ చాయ ఉన్న బూడిదరంగు రాయి అని మీరే రాశారు. అటువంటి రంగులు చాలా చోట్ల దొరుకుతాయి కాబట్టి కొనేవాడు బేరం ఆడగలడు. అంతేకాదు, చీమకుర్తిలో బాగుపడినవారి ఇళ్లు రోడ్డు మీదికి కనిపిస్తాయి. చితికిపోయినవారు ఊరు వదిలి వెళ్లి ఉంటారు, వాళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మీ పక్క కొండ మీద నీళ్లు నిండిన గుంట ఎవరిదో కనుక్కోండి. ఆ మనిషితో గంటసేపు మాట్లాడితే ఈ నలభై పేజీల కంటే ఎక్కువ తెలుస్తుంది.

అయితే మీ అంచనాను కూడా నేను పూర్తిగా నమ్మడం లేదు. మీరు ఒక్క సెలవు రోజున పైపైన చూసి వచ్చారు. కొండ ఉపరితలం ఎండకు, వానకు వేల ఏళ్లుగా పగిలి ఉంటుంది. కొన్ని మీటర్ల లోతుకు వెళితే పగుళ్ల మధ్య దూరం పెరిగే కొండలు చాలా ఉన్నాయి, పెరగనివీ ఉన్నాయి. మీ 12 శాతానికి ఒక రోజు చూపు ఆధారం, కన్సల్టెంటు 25 శాతానికి రెండు బోర్లు ఆధారం. ఇద్దరిలో ఎవరి దగ్గరా ఆరు కోట్లు పెట్టదగ్గ ఆధారం లేదు. మామయ్యతో గొడవ “ఎవరిది ఒప్పు” అన్నదాకా వెళ్లిందంటే కారణం ఇదే. ఇద్దరూ ఊహల మీద వాదించుకుంటున్నారు.

మామయ్య అన్న “పాతికేళ్లు రాయిని మోశాను” అనే మాటను తేలిగ్గా తీసుకోకండి. బ్లాకును చూడగానే ఏ ఫ్యాక్టరీ కొంటుందో, ఏ మార్కరు (కొనేవారి తరఫున బ్లాకు చూసి గుర్తు వేసేవాడు) ఎంత తగ్గింపు అడుగుతాడో ఆయనకు తెలిసినంతగా మీకు తెలియదు. కానీ ఆయన మోసింది అమ్ముడైన రాయిని. డంపుకు వెళ్లిన రాయి ఆయన లారీ ఎక్కలేదు. క్వారీ గేటు దగ్గర నిలబడిన మనిషికి బయటికొచ్చే బ్లాకులే కనిపిస్తాయి, వాటి వెనక ఎన్ని రెట్లు రాయి గుట్టలుగా పడిందో కనిపించదు. ఆయన అనుభవం నిజమైనదే, అయితే మీ కొండకు అవసరమైన సగం అందులో లేదు. ఆ సగం మీ చదువులో ఉంది. ఇద్దరూ కలిసి చూడవలసిన పని ఇది.

దానికి దారి చెబుతాను. ఒక ఆదివారం మామయ్యను మీరే కొండ మీదికి తీసుకెళ్లండి. కన్సల్టెంటును గానీ, లీజున్న స్నేహితుణ్ని గానీ పిలవకండి. వెంట ఒక టేపు, పెయింటు డబ్బా, రెండు క్యాన్ల నీళ్లు తీసుకెళ్లండి. గాలికీ వానకూ బయటపడిన రాతి ముఖం ఎక్కడ బాగుందో అక్కడ నీళ్లు చల్లి, ఎండకు ఆరేదాకా నిలబడండి. చుట్టూ రాయి ఆరిపోయాక కూడా వెంట్రుకంత సన్నటి తడిగీతలు కొన్ని నల్లగా మిగులుతాయి. కంటికి ఆనని పగుళ్లు అవి. ఫ్యాక్టరీలో పలకగా కోసినప్పుడు రాయి విరిగేది ఆ గీతల దగ్గరే. వాటినీ, మామూలు పగుళ్లనూ, ఆ తెల్లచారనూ పెయింటుతో గీయండి. అప్పుడు మామయ్యనే అడగండి, “ఈ గోడలో మీరు లారీకి ఎక్కించే బ్లాకులు ఎన్ని వస్తాయో గుర్తు పెట్టండి” అని. గ్యాంగ్‌సా (బ్లాకును పలకలుగా కోసే పెద్ద రంపం) మీదికి ఎక్కే బ్లాకు ఎనిమిది తొమ్మిది అడుగుల పొడవుండాలని ఆయనకు మీరు చెప్పక్కర్లేదు. ఆయన గీసిన దీర్ఘచతురస్రాలను మీరు కొలిచి, మొత్తం ముఖం వైశాల్యంతో భాగించండి. కొండకు నాలుగు వైపులా నాలుగు చోట్ల ఇదే పని చేయండి. వచ్చే అంకె ఆయన చేతితో గీసిన అంకె అవుతుంది. అది ముఖం మీది లెక్కే, లోపలికి మూడో దిక్కున వెళ్లే పగుళ్లను కలుపుకుంటే ఇంకా తగ్గుతుంది. అయినా ఆరు కోట్ల మాట మళ్లీ ఎత్తేముందు ఆయన ఒకసారి ఆగుతారని నా నమ్మకం.

ఆ తర్వాత కోర్ డ్రిల్లింగు, అంటే బోరు వేసి లోపలి రాయిని కడ్డీలా బయటికి తీసి చూడటం. రెండు బోర్లు చాలవు, అదీ ఒకేచోట అసలు చాలవు. లీజు నాలుగు మూలలకూ నడిమికీ వచ్చేలా, కనీసం మొదటి అయిదారేళ్లలో తవ్వబోయే లోతుదాకా వేయించండి. పగుళ్లు నిటారుగా ఉంటే నిటారు బోరుకు అవి తగలవు కాబట్టి కొన్నింటిని ఏటవాలుగా వేయించాలి. కోర్ మొత్తాన్నీ పెట్టెల్లో వరసగా పేర్చి, లోతు రాసి, ఫొటోలు తీసి దాచండి. 1997లో బద్దలైన బ్రె-ఎక్స్ మోసం గురించి మీరు చదివే ఉంటారు. ఇండోనేషియాలోని బుసాంగ్‌లో భారీగా బంగారం ఉందని చెప్పి ఒక కెనడా కంపెనీ వాటాదారులను ముంచింది. నమూనాల్లో బయటి బంగారం కలిపారు. మామూలుగా కోర్‌ను నిలువునా చీల్చి సగం దాచాలి, అక్కడ మొత్తం నలిపేయడంతో సరిచూడటానికి ఏమీ మిగల్లేదు. ఆ దెబ్బ తర్వాతే 2001లో కెనడా, ఖనిజ నివేదికకు అర్హత ఉన్న నిపుణుడు పేరు పెట్టి బాధ్యత వహించాలని నియమం తెచ్చింది. మీ మామయ్య మోసగాడని నేను అనడం లేదు. నివేదిక కింద సంతకానికి ఆ స్థాయి విలువ ఎందుకొచ్చిందో చెబుతున్నాను. రాసినవాడిని నమ్మి, కొండను ఎన్నడూ చూడని బ్యాంకు ఉద్యోగి అప్పు ఇస్తాడు. మీరు నమ్మని అంకె కింద మీ పేరు ఉండకూడదు.

కోర్ ఫలితం 17 శాతానికి పైన ఆశ చూపిస్తే, అప్పుడు ప్రయోగాత్మకంగా ఒకే ఒక్క బెంచీ (కొండలో మెట్టులా తవ్వే భాగం) తెరవండి. యంత్రాలు కొనవద్దు, అద్దెకు తీసుకోండి. కొన్ని నెలలు తవ్వి, ఎంత తవ్వారో, ఎంత అమ్మారో, ఎంతకు అమ్మారో రోజూ పుస్తకంలో రాయండి. బోర్లూ బెంచీ కలిపినా అయ్యే ఖర్చు ఆరు కోట్లలో పదోవంతు లోపే ఉండేలా చూసుకోవచ్చు. ఫలితం చెడ్డదైతే ఆ పదోవంతు పోతుంది, పొలం చాలావరకు మిగులుతుంది, ఇళ్లు రెండూ మిగులుతాయి. మంచిదైతే బ్యాంకుకు చూపించడానికి ఊహల బదులు అమ్మకం బిల్లులు ఉంటాయి. మామయ్యకు ఇది ఆలస్యంలా తోస్తుంది. కానీ ఎలాగూ అనుమతులు వచ్చేదాకా ఆగాల్సిందే, ఆ సమయంలోనే మ్యాపింగు (పగుళ్లను కొలిచి పటం గీయడం), అనుమతించిన మేరకు బోర్లు పూర్తవుతాయి.

అనుమతుల గురించి రిపోర్టు “ఆరు నెలలు” అని ఒక్క మాటలో తేల్చేసింది. నాకు ఇది కూడా ఆందోళనగానే ఉంది. 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, 5 హెక్టార్ల లోపు చిన్న ఖనిజాల (గ్రానైటు కూడా వీటిలోదే) లీజులకు కూడా పర్యావరణ అనుమతి తప్పనిసరి. మీది నాలుగు హెక్టార్లే కదా అని ఊరుకోవద్దు. 500 మీటర్ల లోపు ఇతర లీజులు ఉంటే అన్నింటినీ కలిపి ఒక సమూహంగా చూస్తారు. ఆ మొత్తం 5 హెక్టార్లు దాటితే పర్యావరణ ప్రభావ అధ్యయనం, ప్రజాభిప్రాయ సేకరణ కావాలి. పక్క కొండ గుంట పాత లీజు ఇంకా రికార్డుల్లో ఉందా, చుట్టుపక్కల ఇంకెవరైనా తీసుకున్నారా అన్నది గనుల శాఖ కార్యాలయంలో చూసుకోండి. దీన్నిబట్టి నెలల పని ఏళ్లకు సాగవచ్చు.

ఆలస్యం ఖరీదు మామయ్యకు చెప్పడానికి ఒక లెక్క. ఈరోజు చేతిలో ఉన్న రూపాయి ఏడాదికి 12 శాతం చొప్పున పెరుగుతుందని లెక్క కడితే, పదేళ్ల తర్వాత వచ్చే కోటి రూపాయలు ఈరోజు 32 లక్షలతో సమానం. కన్సల్టెంటు చెప్పిన 2 కోట్ల లాభం పదేళ్లూ తప్పకుండా వచ్చినా, నేటి విలువలో అది 11 కోట్ల 30 లక్షలు. పెట్టుబడి తీసేస్తే 5 కోట్ల 30 లక్షలు మిగులు. అదే రాబడి రెండేళ్లు ఆలస్యమైతే మిగులు 3 కోట్లు. ఇక 20 శాతమే దక్కే పక్షంలో, ఆలస్యం లేకుండానే, నేటి విలువలో కోటీ 80 లక్షల నష్టం. ఏటా 74 లక్షల లాభం చూపించే క్వారీ కూడా పొలాన్ని తినేయగలదన్నమాట. బ్యాంకులో అప్పు పాసయ్యాక ఈ లెక్క వేసి ప్రయోజనం లేదు.

లీజు పత్రం మీరు కళ్లారా చూశారా? ఉత్తరంలో ఆ ఊసు లేదు. లీజు ఎవరి పేరున ఉంది, ఇంకెన్నేళ్లు మిగిలింది, బకాయిలు ఉన్నాయా అన్నవి తెలియాలి. లీజు గానీ అందులో హక్కు గానీ మరొకరికి మారాలంటే గనుల శాఖ ముందస్తు అనుమతి ఉండాలి. ఇద్దరి మధ్య రాసుకున్న భాగస్వామ్య పత్రంతో మామయ్యకు కొండ మీద హక్కు వచ్చినట్టు కాదు. ఆయన పొలం అమ్మి యంత్రాలు దించాక స్నేహితుడితో మాట తేడా వస్తే, ఆయన చేతిలో యంత్రాలు ఉంటాయి, లీజు ఉండదు.

కొండ కింద చెరువు, దాని ఆయకట్టులో మిరప, శనగ ఉన్నాయని ఒక వాక్యం రాశారు. రిపోర్టులో ఆ వాక్యం కూడా లేదు. నాలుగు హెక్టార్లంటే 200 మీటర్ల చతురస్రం అనుకోండి. సరిహద్దు వెంట 7.5 మీటర్ల పట్టీ తవ్వకుండా వదలాలి, అక్కడికే ఏడోవంతు పోయింది. నూటికి 85 పాళ్ల రాయి వృథా అయితే, పగిలి పొంగిన ఆ రాయి పదేళ్లలో లక్షా నలభై వేల ఘనపు మీటర్లు అవుతుంది. పది మీటర్ల ఎత్తున పేర్చినా అది హెక్టారున్నర దాకా స్థలం తింటుంది. తవ్వడానికి మిగిలేది రెండు హెక్టార్లు. చోటు చాలక డంపును వాలు మీదికి నెట్టారంటే మొదటి పెద్ద వానకు రాళ్లూ, వైర్‌సా బురదా కలిసి చెరువులోకి దిగుతాయి. డంపు అంచున గోడ, బురదను ఆపే గుంటలు, దుమ్ముకు నీళ్ల ట్యాంకరు, తవ్వకం ముగిశాక కొండను చదును చేసే ఖర్చు ఇవన్నీ పెట్టుబడిలో రాయాలి. ఊరివాళ్లు అభ్యంతరం చెబుతారని మామయ్య భయపడుతున్నారట. వాళ్ల దగ్గరికి అనుమతులకు ముందే వెళ్లి, డంపు ఎక్కడ వస్తుందో నేల మీద చూపించి మాట్లాడమనండి. మిరప చేను పాడయ్యాక వచ్చే గొడవ కంటే ఇప్పుడు వినే నాలుగు మాటలు నయం.

ఇక మేనేజరు ఉద్యోగం. 1952 నాటి గనుల చట్టం కాలం నుంచీ గనిలో భద్రతకు మేనేజరు స్వయంగా బాధ్యుడు. మీరు రోజూ చేస్తున్న పనే కాబట్టి నియమాలు వివరించను. ఒక్క సందర్భం ఊహించుకోండి. అప్పు వాయిదా దగ్గరపడింది. మంచి బ్లాకు ఒకటి బెంచీ అంచు కింద ఉంది. పైన రాయి వదులుగా వేలాడుతోంది, బెంచీ వెడల్పు చేయాలంటే రెండు వారాలు పడుతుంది. “ఈ ఒక్కటీ తీసేద్దాం” అని మామయ్య అంటారు. సిమెంటు కంపెనీలో అయితే పని ఆపేస్తూ రాతపూర్వకంగా కాగితం ఇస్తారు. చదివించిన మనిషికి ఆ కాగితం ఇవ్వగలరా? కింద జాక్‌హ్యామర్ పట్టుకుని నిలబడేది పొట్టచేత పట్టుకుని వచ్చిన కూలీ. తడి డ్రిల్లింగు (దుమ్ము లేవకుండా నీళ్లతో రంధ్రాలు వేయడం) పెట్టకపోతే ఆ రాతిదుమ్ము అతని ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది, దానికి మందు లేదు. మీరు గట్టిగా ఇవ్వగలను అంటే ఆ కుర్చీకి మీరే తగినవారు. సందేహం ఉంటే ఆ కుర్చీలో బయటివారిని పెట్టించడం మామయ్యకూ మేలు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. 25 శాతం మీద సంతకం పెట్టి చేరిపోవచ్చు. ఇంట్లో ఈ నెల ప్రశాంతంగా గడుస్తుంది. అంకె తప్పితే మాత్రం పొలం, రెండు ఇళ్లు, మీ వృత్తి ఒకేసారి ప్రమాదంలో పడతాయి. తెలిసి తప్పుడు అంకెతో అప్పు తెచ్చారన్న అభియోగం ముందుగా మీ మీదికే రావచ్చు, ఎందుకంటే ఆ కాగితం మీద ఉన్న ఇంజినీరు మీరొక్కరే. ఈ దారి నేను ఒప్పుకోను.

పూర్తిగా తప్పుకోవచ్చు. మీ పేరు భద్రంగా ఉంటుంది. కానీ మామయ్య ఇంకొకరితో సంతకం పెట్టించుకుంటారు, కొండ అదే, అప్పు అదే, ఆయన పక్కన నిజం చెప్పే మనిషి ఒక్కడు తగ్గుతాడు. ఆయన నష్టపోతే మీకు మనశ్శాంతి ఉండదని మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది. ఇంట్లో రాకపోకలు ఆగిపోయే స్థితి వస్తే తప్ప ఇంత దూరం వెళ్లకండి.

పైన చెప్పినట్టు అంచెలంచెలుగా వెళ్లమని మామయ్యను ఒప్పించవచ్చు. ఉద్యోగంలోనే ఉండి, సెలవు రోజుల్లో మ్యాపింగు, కోర్ పరిశీలన మీరే చేయవచ్చు. మీ కంపెనీ నిబంధనలు దీనికి ఒప్పుకుంటాయో లేదో ముందు అడగండి. ఈ దారిలో ఇబ్బంది ఏమిటంటే ప్రతి అంచెలోనూ మీ మాట మామయ్యకు చేదుగా ఉండవచ్చు, లీజున్న స్నేహితుడు తొందరపెట్టి వేరే పెట్టుబడిదారుణ్ని వెతుక్కోవచ్చు. వెతుక్కుంటే వెతుక్కోనివ్వండి. పరీక్షించడానికి కొన్ని నెలలు కూడా ఇవ్వనివాడితో ఇరవై ఏళ్ల లీజులో వాటాకు దిగకూడదు.

ఇంకొక దారి ఉంది, దాన్ని ఎవరూ ఆలోచించినట్టు లేరు. మామయ్యకు కావలసింది కొండా, లేక పాతికేళ్లు ఇతరుల బ్లాకులు మోసిన తర్వాత దక్కాల్సిన గౌరవమా? ఆయనకు క్రేన్లున్నాయి, మనుషులున్నారు, కొనేవాళ్లు తెలుసు. ఇప్పటికే రాయి బాగా పడుతున్న క్వారీలో తవ్వకం పని, ఎత్తివేత, రవాణా కలిపి కాంట్రాక్టుగా తీసుకోవచ్చు. లేదా బ్లాకులు కొని అమ్మవచ్చు. లాభం సొంత క్వారీ అంత ఉండదు. కానీ కొండ మోసం చేస్తే ఆ నష్టం ఆయన నెత్తిన పడదు. పొలం అమ్మక్కర్లేదు. దీన్ని మీరు చెబితే చిన్నబుచ్చుకోవచ్చు, ఆయన గౌరవించే పాత క్వారీ యజమాని ఎవరైనా ఉంటే ఆయన ద్వారా చెప్పించండి.

మీరు ఏ దారి పట్టినా రెండు విషయాల్లో మాత్రం వెనక్కి తగ్గవద్దు. అమ్మ ఇల్లు ఇందులోకి రాకూడదు. ఆమె తమ్ముడి మాట మీద సంతకం పెట్టేస్తుంది, కాబట్టి ఆమెను కూర్చోబెట్టి 25కూ 15కూ మధ్య తేడా ఏమిటో రూపాయల్లో చెప్పండి. చదువుకోలేదు కదా అని దాటవేయకండి, పాతికేళ్లు ఇల్లు నడిపిన మనిషికి ఈ లెక్క అర్థమవుతుంది. తన ఇల్లు ఇవ్వకపోవడం తమ్ముడికి ద్రోహం కాదని, అంతా మునిగితే ఆయన కూడా వచ్చి తల దాచుకోవడానికి మిగిలే ఇల్లు అదేనని ఆమెకు చెప్పండి. రెండోది ఉద్యోగం. మీ భార్య మాటలో పిరికితనం లేదు. ప్రయోగ బెంచీ ఫలితాలు చేతికి వచ్చేదాకా రెండు కుటుంబాలకూ నమ్మకంగా వచ్చే రాబడి మీ జీతమే. ఆ బెంచీలో కొన్ని నెలల పాటు 20 శాతానికి బాగా పైన దక్కి, ధర నిలబడి, అనుమతులన్నీ కాగితం మీదికి వచ్చినప్పుడు ఉద్యోగం వదలడం గురించి ఆమెతో కలిసి మళ్లీ ఆలోచించండి.

మామయ్యతో ఎలా మొదలుపెట్టాలని అడిగారు. “మీ అంకె తప్పు” అని మాత్రం మొదలుపెట్టకండి. “మామయ్యా, 25 శాతం వస్తుందని బ్యాంకుకు రాయడానికి నాకు సాక్ష్యం కావాలి. నాతో కొండకు రండి, బ్లాకులు మీరు గుర్తు పెట్టండి, నేను కొలుస్తాను. వచ్చిన అంకె ఎంతైనా దాని కింద సంతకం నేనే పెడతాను” అనండి. ఆ మాటలో మీరు కాదన్నది ఏదీ లేదు. ఆయన కోపంగా లేచి వెళ్లిపోయినా రెండు రోజులు ఆగి మళ్లీ అడగండి. ఈలోగా లీజు పత్రం నకలు, పక్క లీజుల వివరాలు తెచ్చుకోండి. కొండ మీద కొలతలు అయ్యాక ఆ అంకెలు నాకు రాసి పంపితే, ఏ చోట్ల బోర్లు వేయించాలో, ఎంత లోతుకో వచ్చే ఉత్తరంలో వివరంగా చెబుతాను.